నీళ్ళు తాగే స్తంభం

ఆ స్తంభం ఎందుకు ఒరిగిందో గిరిధర్‌కి అంతు పట్టలేదు.

కూలినవాటిని చూడటమే ఆయన పని. వంతెన కుంగినా, బాయిలర్ పేలినా, క్రేన్ తాడు తెగినా బీమా కంపెనీ వాళ్ళో కోర్టు వాళ్ళో ఆయనకి కబురు పెడతారు. ఆయన వెళ్ళి విరిగిన ముక్కల మధ్య కూర్చుని, చేటు ఎక్కడ మొదలైందో వెతికి రాసిస్తాడు. రాయపూర్ చుట్టూ ఉన్న మిల్లులూ ఫ్యాక్టరీలూ ఆయనకి ఎప్పుడూ చేతినిండా పని పెట్టేవి. "మా ఆయన పోస్టుమార్టం డాక్టరు, కాకపోతే ఇనప శవాలకి" అని భార్య ఊర్మిళ చుట్టాల్ని నవ్వించేది. ఆవిడ పోయాక ఆ మాట అనేవాళ్ళు లేరు. పని మాత్రం అలాగే ఉంది.

భన్‌పురిలోని ఈ రైస్ మిల్లులో జరిగింది చెప్పుకుంటే చాలా చిన్న సంగతి. బస్తాలు నిల్వ చేసే పెద్ద షెడ్డులో మిల్లు లారీ వెనక్కి వస్తూ ఒక ఇనప స్తంభానికి తగిలింది. స్తంభం ఒరిగింది. దాని మీద ఆనుకున్న దూలాలూ రేకులూ వచ్చి బస్తాల మీద పడ్డాయి. అదృష్టం ఏమిటంటే అది టీ వేళ. హమాలీలందరూ గేటు దగ్గర గ్లాసులు పట్టుకుని ఉన్నారు. టీకి కూడా లేవకుండా బస్తాల మీద కునుకు తీస్తున్న బుధారు ఒక్కడికే కాలు విరిగింది. లారీ నడిపిన తరుణ్‌ని పోలీసులు రోజూ పొద్దున్నే థానాకి పిలిపించి, పొద్దు వాలేదాకా బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. లారీ గుద్దడం వల్లే షెడ్డు కూలిందని తేలితే కేసు రాస్తారు. ఇంటికి పంపడమా, జైలుకి పంపడమా అన్నది గిరిధర్ ఇచ్చే రిపోర్టు మీద ఆగి ఉంది.

ఆయన ఒరిగిన స్తంభం చుట్టూ ఇంకోసారి తిరిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. లారీ వెనక దీపం ఎర్ర అద్దం చెక్కుచెదరలేదు. స్తంభం మీద రంగు గోటితో గీకినంత మేర లేచింది, అంతే. ఎక్కడా సొట్ట లేదు, వంపు లేదు. నిటారుగా ఉన్న మనిషి నిటారుగానే పక్కకి వాలిపోయినట్టు వాలింది. ఈ దెబ్బకి కుర్చీ కూడా పడదు. షెడ్డు ఎలా పడింది?

"ఏముంది సార్ ఇందులో?" అన్నాడు మేనేజర్ కొండలరావు వెనక నుంచి. అతను పుట్టి పెరిగింది రాయపూర్‌లోనే. తాతల నాటి విజయనగరం మాటలో హిందీ కలిపి మాట్లాడతాడు. "లారీ తగిలింది, ఖంభా పడింది. సీదా బాత్. రెండు ముక్కలు రాసిచ్చేస్తే మా సేఠ్‌జీ బీమా సంగతి చూసుకుంటారు."

"తగిలిన దీపం పగల్లేదయ్యా."

"దీపం నసీబు బాగుంది."

"మరి ఖంభా నసీబు?"

"ఖంభాకి నసీబేటి సార్, ఇనుము కదా!"

గిరిధర్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయన చూపు స్తంభం మొదట్లో ఉన్న పాలరాతి గట్టు మీద పడింది. మోకాలెత్తు గట్టు, స్తంభాన్ని నాలుగు వైపులా చుట్టి ఉంది. ఒక్కో వైపున ఒక్కో దేవుడి టైలు: ఒక వైపు హనుమంతుడు, ఇంకో వైపు సత్‌నామీ పంథావాళ్ళు మొక్కే తెల్ల స్తంభం, మూడో వైపు మక్కా, నాలుగో వైపు సిలువ. గట్టు లోపలంతా ఇసక. ఇసకలో అగరువత్తుల పుల్లలు, వాడిన బంతిపూలు. వచ్చిన మొదటిరోజు ఆయన కూడా చెప్పులు విడిచి దండం పెట్టుకునే దాని పక్కన కూర్చున్నాడు. అంత కూలినా ఆ నాలుగు టైల్స్‌లో ఒక్కటి బీట వారలేదు. పాలరాయి అంచు మాత్రం ఒకచోట సన్నగా విచ్చింది.

"ఇది ఎప్పుడు కట్టారు?"

"అదో కథ సార్," అన్నాడు కొండలరావు హుషారుగా. "మన హమాలీలకి గుట్కా లేకపోతే కాలు కదలదు కదా. వీళ్ళ పుణ్యమా అని ఈ ఖంభా మొదలంతా ఎర్రగా ఉండేది. తిట్టాం, జుర్మానా వేశాం. ఊహూ. అప్పుడు నేనే చెప్పాను, నలుగురు దేవుళ్ళని అంటించండిరా, ఎవడి దేవుడి మీద వాడు ఉమ్మడు, పక్కవాడి దేవుడి మీద ఉమ్మితే పక్కవాడు ఊరుకోడు అని. మర్నాటి నుంచి బంద్! తర్వాత ఎవరో దీపం పెట్టారు. ఇంకెవరో పూలు పెట్టారు. సేఠ్‌జీ ముచ్చటపడి ఇంట్లో మిగిలిన పాలరాయి పంపించారు. ఇప్పుడు చూడండి, ఇంత పడ్డా ఒక్క ప్రాణం పోలేదు. ఎవరు కాపాడారంటారు?"

గిరిధర్ పక్క స్తంభాల వైపు నడిచాడు. ఆయనకి కావలసింది ఎవరు కాపాడారన్నది కాదు.

పక్క స్తంభాల మొదళ్ళ దగ్గర కాంక్రీటు తవ్వించి చూశాడు. అడుగు పలకలు నల్లగా, గట్టిగా, నిన్న బిగించినట్టున్నాయి. నట్లు పానాకి కూడా లొంగలేదు. కప్పు కారిన మరకలు లేవు. దగ్గర్లో పంపు లేదు, పైపు లేదు. నేల ఎముకలా పొడిగా ఉంది. ధాన్యం నిల్వ చేసే చోట ఉండాల్సింది కూడా అలాగే. నేల కుంగిందా అని మట్టం పెట్టి చూశాడు. కుంగలేదు. గాలివాన వచ్చిందా అని అడిగాడు. ఆవేళ ఆకు కదల్లేదన్నారు. ఒక హమాలీ భూకంపం వచ్చిందన్నాడు. ఇంకొకడు, "భూకంపం కాదు, నీ కడుపులో గ్యాసు" అన్నాడు. అందరూ నవ్వారు.

పొడి నేల, గట్టి ఉక్కు, మెత్తటి దెబ్బ. మూడూ నిజమే. మూడూ నిజమైతే షెడ్డు నిలబడి ఉండాలి.

"టీ తీసుకోండి బాబూ."

కెటిల్ పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. బక్కపలచటి మనిషి, నుదుట పెద్ద బొట్టు. పేరు భ్రమరాంబ. గేటు దగ్గర టీ కొట్టు ఆవిడదే. తరుణ్ ఆవిడ ఒక్కగానొక్క కొడుకని కొండలరావు ముందే చెప్పాడు.

"మీది మనవైపేనట గదా బాబూ?"

"మా నాన్నది పలాస. రైల్వేలో ఇటొచ్చి ఇక్కడే ఉండిపోయాడు."

"మాది టెక్కలి దగ్గర. బీర్‌గావ్‌లో ఉంతన్నాం." గ్లాసు అందించింది గానీ కదల్లేదు. "మావోడి తప్పేనంటారా బాబూ?"

"ఇంకా తెలీదమ్మా."

"రోజూ వచ్చి సూత్తన్నారు గదా, తెలకపోడం ఏటి? సదువుకున్నోరు మీకే తెలకపోతే ఇంకెవుల్ని అడగాల? ఆడు లారీని పసిపిల్లని ఎత్తుకున్నట్టు తిప్పుతాడు బాబూ. ఈ ఏలప్పుడు ఆ బెంచీ మీద కూకుని గోడకేసి సూత్తంటాడు. అన్నం ఎట్టుకెల్తే రెండు ముద్దలు తిని, సాలమ్మా అంతాడు."

గిరిధర్ టీ తాగాడు. అల్లం బాగా దంచి వేసింది. ఏమీ తెలియకుండా అంత మంచి టీ తాగడం ఆయనకి తప్పులా అనిపించింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక కుక్కర్ పెట్టాడు. ఇన్నాళ్ళయినా చెయ్యి ఇద్దరికి సరిపడా బియ్యమే తీస్తుంది. మిగిలింది పొద్దున పులిహోర చేసుకుంటాడు. అన్నం ముందు కూర్చుని రిపోర్టులో మొదటి వాక్యం మనసులో అల్లుకున్నాడు. లారీ తాకిడి వల్ల అని మొదలుపెడితే అంతా చకచకా సాగిపోతుంది. యజమాని కోరేదీ అదే, పోలీసులు ఎదురుచూసేదీ అదే. కానీ ఆ ఎర్ర అద్దం? లారీ తాకిడి వల్ల కాదు అని మొదలుపెడితే, మరి దేని వల్ల అని అందరూ అడుగుతారు. దానికి ఆయన దగ్గర ఒక్క మాటైనా లేదు. కారణం చూపించలేనివాడు, లారీ కాదు అన్నా దానికి విలువుండదు. ఇన్నేళ్ళ పనిలో కారణం దొరకని కూలడం ఒక్కటీ చూడలేదు. ఇనుము అబద్ధం చెప్పదని ఒకప్పుడు కాలేజీలో విద్యార్థులకి పాఠం చెప్పేవాడు. ఇప్పుడది అబద్ధం చెబుతోందో, నిజం చెబుతుంటే తనకే వినబడటం లేదో తేల్చుకోలేకపోయాడు. అన్నం చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున్నే మిల్లుకి వెళ్ళాడు. హమాలీలు ఇంకా రాలేదు. విరిగిన కప్పు సందులోంచి ఎండ పడి, షెడ్డులో మొదటిసారి వెలుతురుగా ఉంది. పిచికలు రాలిన ధాన్యం ఏరుకుంటున్నాయి. పాలరాతి గట్టు దగ్గర భ్రమరాంబ నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూ, చెంబుతో నీళ్ళు స్తంభం మొదట్లో ఇసక మీద పోస్తోంది. చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది. కళ్ళు తెరిచి ఆయన్ని చూసి పమిట సర్దుకుంది.

గిరిధర్ ఆవిణ్ణి చూడటం లేదు. గట్టు కింద నేలకేసి చూస్తున్నాడు. నేల పొడిగా ఉంది.

"ఆ నీళ్ళు ఎటు పోయాయమ్మా?"

"సామి తాగేత్తాడు బాబూ."

"అన్నీనా?"

"ఎన్ని పోసినా. సెంబు పోత్తే సెంబు, బిందె పోత్తే బిందె. సుక్క బయటికి రాదు. అందుకే గదా అందరికీ అంత గురి. మంగలారం మంగలారం కొబ్బరికాయ కొడతారు, ఆ నీల్లూ తాగేత్తాడు."

"ఎన్నాళ్ళనుంచి పోస్తున్నావు?"

"మావోడు ఈ లారీ ఎక్కిన కాణ్ణుంచి. ఆడు సల్లగా తిరిగి రావాలని. ఒక్కరోజు కూడా మానలేదు బాబూ. జొరం వొచ్చినా మానలేదు."

గిరిధర్ గట్టు అంచు మీద చేయి వేశాడు. అది ఇసక కంటే బెత్తెడు ఎత్తుగా ఉంది. నాలుగు వైపులా సిమెంటుతో గట్టిగా మెత్తారు. ఎక్కడా తూము లేదు. ఆయన ఆ అంచు పక్కన నాలుగు రోజులు కూర్చుని, దాని మీదే తన సంచీ పెట్టుకుని, ప్రపంచమంతా వెతికాడు. కారణం దొరికిందని సంతోషించాల్సిన మనిషి తల ఎత్తలేకపోయాడు. ఎందుకంటే ఆవిడ ముఖం ఎదురుగానే ఉంది.

"ఏటైంది బాబూ?"

"ఈ గట్టు విప్పి చూడాలమ్మా," అన్నాడు.

అది చెప్పినంత తేలిక కాలేదు. కొండలరావు రెండు చేతులూ జోడించాడు. "సార్, మీకు పుణ్యముంటుంది, ఆ ఒక్కటీ వద్దు. ఇంత కూలినా దేవుళ్ళు నిలబడ్డారు. వాళ్ళని మనం పడగొడితే రేపట్నుంచి ఒక్కడు కూడా ఈ షెడ్డులో బస్తా ఎత్తడు." పనిలోకి వచ్చిన హమాలీలు గట్టు చుట్టూ గుమిగూడారు. "నఇ తోడన్ దేవన్ సాహెబ్" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు నెమ్మదిగా. పగలగొట్టనివ్వం అని. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. గిరిధర్ సుత్తి ఇమ్మని అడిగితే ఎవరూ ఇవ్వలేదు. తన చేత్తోనే కొట్టగలడా అంటే అదీ ఆయనకి తెలియలేదు.

"అది ఇప్పితే మావోడి సంగతి తేల్తాదా బాబూ?" అంది భ్రమరాంబ.

"తేలొచ్చు."

"తేలొచ్చా, తేల్తాదా?"

"తేలుతుందనే అనుకుంటున్నాను."

ఆవిడ గేటు దగ్గరికి వెళ్ళి కొట్లోంచి అట్లకాడ తెచ్చింది. హనుమంతుడి టైలు వెనక అట్లకాడ దూర్చి నెమ్మదిగా ఊడదీసింది. తర్వాత తెల్ల స్తంభం, తర్వాత మక్కా, తర్వాత సిలువ. ఒక్కోదాన్నీ ఊడదీసే ముందు ఎవరి దేవుడో ఆ మనిషికేసి చూసింది. వాళ్ళు తల దించుకున్నారే గానీ వద్దనలేదు. నాలుగింటినీ పమిటలో చుట్టి తీసుకెళ్ళి టీ బల్ల మీద పెట్టి వచ్చింది. ఖాళీ పాలరాయి ముందు నిలబడి, "ఇప్పుడిది ఉత్త రాయేగా?" అంది ఎవరినీ కాకుండా. కొండలరావు చేయి పట్టుకుని లాగి, "సుత్తి తెప్పించు బాబూ" అంది.

సుత్తి వచ్చింది.

"ఎక్కడ కొట్టాలో మీరు సెప్పండి," అంది దాన్ని చేతిలోకి తీసుకుని, గిరిధర్‌తో.

ఆయన వేలితో చూపించాడు. మొదటి దెబ్బకి ఏమీ కాలేదు. రెండో దెబ్బకి, విచ్చిన చోట రాయి ఊడి వచ్చింది. దాని వెనకే తడిసి నల్లబడ్డ ఇసక జారింది. ఇసక వెనక నీళ్ళు వచ్చాయి, పసుపూ కుంకుమా కలిసిన మురుగు నీళ్ళు, సన్నగా, ఆగకుండా. కుళ్ళిన పూల వాసన షెడ్డంతా కమ్మింది. హమాలీలు ఒక అడుగు వెనక్కి వేశారు.

గిరిధర్ కూర్చుని చేత్తో ఇసక తోడాడు. స్తంభం మొదలు చేతికి తగిలింది. తగలడం అంటే వేళ్ళు అందులోకి దిగాయి. పొరలు పొరలుగా, తడిసిన అప్పడంలా ఊడి వచ్చింది. అడుగు పలక ఉండాల్సిన చోట ఎర్రటి బురద ఉంది. బోల్టులు పుల్లల్లా సన్నబడ్డాయి. ఆ పెద్ద స్తంభం చాలాకాలంగా దేని మీదా నిలబడి లేదు. పైన కప్పు పట్టుకుని వేలాడుతూ వచ్చింది. లారీ కాకపోతే ఒక పిల్లి, పిల్లి కాకపోతే ఒక గాలి.

"లారీ కాదు," అన్నాడు. ఆయన గొంతు ఆయనకే వింతగా వినిపించింది. "తరుణ్ తప్పు లేదు."

భ్రమరాంబ సుత్తి కింద పెట్టి నేల మీద కూలబడింది. కాసేపు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు తీశాక ఆ ఎర్ర బురద కేసి చూసింది. చెంబు కేసి చూసింది.

"ఇది తుప్పేనా బాబూ? నీల్లకా?"

గిరిధర్ చేతికంటిన బురద ఇసకలో తుడుచుకున్నాడు. ఈలోగా కొండలరావు అందుకున్నాడు. "అంటే నువ్వు పోసిన నీళ్ళే! అరె బాప్‌రే! కొడుకు పడగొట్టలేదు సార్, తల్లి పడగొట్టింది. నేను సేఠ్‌జీకి ఏమని చెప్పాలి?"

"ఈ అంచు ఎవరు కట్టించారు?" అన్నాడు గిరిధర్.

"ఏ అంచు?"

"నీళ్ళు బయటికి పోకుండా, తూము లేకుండా."

కొండలరావు వంగి విరిగిన అంచు తడిమాడు. "బస్తాలు తడుస్తాయని సార్..." అన్నాడు చివరికి. "నీళ్ళు ధాన్యంలోకి వెళ్తున్నాయని నేనే మేస్త్రీకి చెప్పి మెత్తించాను. ధాన్యం తడిస్తే నన్ను నమిలేస్తారు కదా." అతని ముఖం పాలిపోయింది. "నేను మంచికే చేశాను సార్."

గిరిధర్‌కి అదే అర్థం కాలేదు. టైల్స్ అంటించింది మంచికే. పాలరాయి పంపింది మంచికే. అంచు కట్టింది మంచికే. నీళ్ళు పోసింది అంతకంటే మంచికి. ఇందరు ఇంత మంచి చేస్తే అడుగున ఈ బురద ఎలా తయారైంది? తప్పు ఎక్కడుందో చూపించడమే తన వృత్తి. వేలు ఎటు చాపినా అక్కడ ఎవరో దండం పెట్టుకుంటూ కనిపిస్తున్నారు.

"అమ్మా," అన్నాడు భ్రమరాంబతో, మెల్లగా, మాటలు కూడబలుక్కుంటూ. "నీళ్ళు పోస్తే ఇనుము పాడవదు. వానలో ఎన్ని వంతెనలు నిలబడి లేవు? నీళ్ళు నిలవ ఉంటే పాడవుతుంది. ఏడాదికోసారి ఎవరైనా విప్పి చూసి ఉంటే తెలిసేది. చూడటం మిల్లు పని. నీ పని కాదు."

"మరి పోసింది నానే గదా."

గిరిధర్ సంచీలోంచి నోటుపుస్తకం తీశాడు.

"నా పేరు రాసీండి బాబూ. మావోడు ఇంటికొత్తే సాలు."

"రిపోర్టులో పేర్లు రాయమమ్మా. ఏం జరిగిందో రాస్తాం."

మధ్యాహ్నమంతా ఆయన ఫొటోలు తీశాడు, తుప్పు ముక్కలు సంచుల్లో కట్టాడు. థానాకి ఫోను చేసి చెప్పాడు. అటువైపు ఇన్‌స్పెక్టరు, "పక్కా?" అని రెండుసార్లు అడిగాడు. గిరిధర్ రెండుసార్లూ అవునన్నాడు. కాగితం మీద సంతకం చేసి పంపాడు.

పొద్దు వాలుతుండగా తరుణ్ గేటులోంచి వచ్చాడు. గడ్డం పెరిగింది, చొక్కా నలిగింది. తిన్నగా, గిరిధర్ నిలబడి టీ తాగుతున్న కొట్టు దగ్గరికి వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. ఆవిడ గ్లాసు నింపి ఇచ్చింది. నిండా పోసిన టీ కొంచెం ఒలికింది. తరుణ్ గిరిధర్ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"సాబ్, మరి దేనివల్ల పడింది? థానాలో ఎవరూ చెప్పలేదు. నీచే సే సడ్ గయా, కింద కుళ్ళిపోయింది అన్నారు, అంతే."

"అడుగు తుప్పు పట్టిందయ్యా. నీళ్ళ వల్ల."

"అక్కడ నీళ్ళెక్కడివి సాబ్? పొడి జాగా కదా."

గిరిధర్ గ్లాసులోకి చూశాడు.

"నానేరా," అంది భ్రమరాంబ. "రోజూ నీకోసం సామికి పోసినాను. సామి తాగలేదు. ఖంభా తాగింది."

తరుణ్ తల్లి కేసి చూశాడు. తర్వాత గిరిధర్ కేసి. మళ్ళీ తల్లి కేసి. అతని భుజాలు కదలడం మొదలైంది. ముందు చప్పుడు లేదు. తర్వాత, "మాఁ... నా కోసం పోసి... నన్నే బెంచీ మీద కూర్చోబెట్టించావే" అంటూ బల్ల పట్టుకుని వంగిపోయాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"నవ్వుతావేట్రా, సిగ్గులేదూ?" అని ఆవిడ వాడి వీపు మీద ఒకటి వేసింది. వేసిన చేయి తీయలేదు. అక్కడే ఉంచి పైకీ కిందకీ రాయసాగింది. ఆవిడ నోరు కూడా వంకర తిరుగుతోంది.

వాళ్ళు నవ్వుతున్నారో ఏడుస్తున్నారో గిరిధర్‌కి తెలియలేదు. వెళ్ళిపోవాలో ఉండాలో కూడా తెలియలేదు. ఆయన బల్ల మీద టైల్స్‌ని కొంచెం పక్కకి జరిపి, గ్లాసు పెట్టుకోవడానికి చోటు చేసుకుని, స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇంకో టీ పొయ్యమ్మా," అన్నాడు.